మాటవరసకి: ఎద్దు ఎండకి, దున్న నీడకి

మన సంఘం విందుల్లో భోజనాలయ్యాక ఎవరైనా "ఈ మధ్య ఏం సినిమాలు చూశారండీ?" అని అడిగితే వచ్చే జవాబులు ఎప్పుడైనా గమనించారా? ఒకరు సత్యజిత్ రాయ్ అంటారు. ఒకరు "శంకరాభరణం మళ్ళీ చూశాం, ఎన్నోసారో లెక్కలేదు" అంటారు. ఇంకొకరు అసలు సినిమాలు చూడటమే మానేశామనీ, టీవీ వార్తలకి తప్ప పెట్టమనీ సెలవిస్తారు. అందరూ పెద్దమనుషులే, ఎవరి మాటా కాదనడానికి లేదు. కాని శుక్రవారం రాత్రి పదింటికి ఆ పెద్దమనుషుల ఇళ్ళ ముందునుంచి నడిచి వెళితే, కిటికీ తెరల వెనక కార్లు గాల్లోకి లేస్తూంటాయి, పెట్రోలు లారీలు పేలుతూంటాయి. ఇద్దరు పోలీసులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఆ మంటల్లోంచి పరుగెత్తుకొస్తూంటారు.

ఈ నెల మాటవరస ఆ సినిమాల గురించే. ఈ దేశంలో వీటిని బడ్డీ కాప్ సినిమాలంటారు. మనం జంట పోలీసు సినిమాలందాం.

చూడనివాళ్ళ కోసం (అంటే చూడలేదని చెప్పేవాళ్ళ కోసం) కథ టూకీగా చెబుతాను. అన్నింటికీ ఒకటే కథ గనక ఒకసారి చెబితే చాలు. ఇద్దరు పోలీసులు. ఒకడు పెళ్ళాం పిల్లలు గలవాడు, రిటైరుమెంటు దగ్గర పడ్డవాడు. రెండోవాడు ముందూ వెనకా ఎవరూ లేనివాడు, ప్రాణమంటే లెక్కలేనివాడు. ఒకడు చొక్కాకి ఇస్త్రీ నలగనివ్వడు, ఒకడు చొక్కా మార్చడు. పై అధికారి ఒకాయన ఉంటాడు. అద్దాల గదిలో కూచుని అద్దాలదిరేట్టు అరవడం ఆయన ఉద్యోగం. సగం సినిమా అయ్యేసరికి ఇద్దరి బిళ్ళలూ పిస్తోళ్ళూ బల్లమీద పెట్టించుకుని ఇంటికి పొమ్మంటాడు. వాళ్ళు ఇంటికి పోరు. రేవులో ఒక గోడౌనుకి పోతారు. అక్కడ విలన్లు వెయ్యి గుళ్ళు కాలిస్తే ఒక్కటి తగులుతుంది, అదీ భుజానికే. మన పెద్దలు ఈ కథంతా ఒక్క సామెతలో చెప్పేశారు: ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగిందిట. ఆ రెంటినీ ఒకే కాడికి కట్టి నాలుగెకరాలు దున్నించడమే ఈ సినిమాలు చేసే పని.

ఇంత తెలిసీ ఎందుకు చూస్తామయ్యా అంటే, తెలుసు గనకనే. వారంలో ఐదు రోజులు బుర్ర అద్దెకిచ్చి బతికేవాళ్ళం మనం. రోగి బతుకుతాడో లేదో, వంతెన నిలుస్తుందో లేదో, ప్రోగ్రాము నడుస్తుందో లేదో, పై ఏడాది మన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! శుక్రవారం రాత్రి ఇంటికి తిరిగొచ్చిన బుర్రకి రెండు గంటలు ఏ నిర్ణయమూ చెయ్యనక్కర్లేని చోటు కావాలి. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన చోటు. "బుర్ర పక్కన పెట్టి చూడాల్సిన సినిమా" అని వెక్కిరిస్తారు గాని, పక్కన పెట్టుకోవడానికి దానికీ ఓ స్థలం ఉండాలి కదండీ.

పైగా మనలో అరవైలు డెబ్భైలు దాటినవాళ్ళకి ఇది ఈ దేశం వచ్చాక అంటుకున్న జబ్బు కాదు. లెక్కల పుస్తకంలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల దాచుకుని చదివిన చేతులివి. అందులోనూ జంటే: డిటెక్టివ్ యుగంధరూ, అసిస్టెంటు రాజూ. విఠలాచార్య జానపదాలకి నేల టిక్కెట్టులో కూచుని ఈలలు వేసిన నోళ్ళివి. 1966లో "గూఢచారి 116", 1970లో "రౌడీ రాణి", 1971లో "మోసగాళ్ళకు మోసగాడు" వచ్చినప్పుడు ఇంట్లో ట్యూషనని చెప్పి మాట్నీకి వెళ్ళినవాళ్ళు ఈ సంఘంలోనే కొందరున్నారు, పేర్లు రాయనులెండి. ఆనాడు వాటిని స్టంటు పిక్చర్లని ఈసడించినవాళ్ళే ఈనాడు క్లాసిక్సంటున్నారు.

ఇంకాస్త వెనక్కి వెళితే బుర్రకథ. నడుమ కథకుడు తంబురా పట్టి వీరగాథ చెబుతూంటే, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకడిది హాస్యం, ఒకడిది రాజకీయం. షేక్ నాజర్ గారి కథ విన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వీరరసం పొంగి పొర్లబోయే సమయానికి హాస్యగాడు అడ్డుపడి ఓ చచ్చు ప్రశ్న వేస్తాడు, జనం నవ్వుతారు, కథ మళ్ళీ ఊపందుకుంటుంది. పేలుతున్న భవనంలోంచి దూకుతూ "నీ డ్రైవింగు బాగులేదు" అని దెబ్బలాడుకునే పోలీసుల్ని చూసి మనకి తెలిసిన పద్ధతే అనిపించడంలో వింతేముంది?

వీటి వంశవృక్షం చూస్తే ఇంకా ఆశ్చర్యం. 1949లో జపానులో అకిరా కురొసావా "స్ట్రే డాగ్" అని, అంటే ఊరకుక్క అని, ఒక సినిమా తీశాడు. యుద్ధంలో ఓడిపోయిన టోక్యో, మండు వేసవి. కిక్కిరిసిన బస్సులో ఒక కుర్ర డిటెక్టివు పిస్తోలు కాజేస్తారు. అందులో ఏడు గుళ్ళున్నాయి. ఆ గుళ్ళు ఒక్కొక్కటే ఊళ్ళో ఎవరికి తగులుతున్నాయో చూస్తూ కుర్రవాడు కుమిలిపోతాడు. అతనికి తోడుగా ఒక పెద్ద డిటెక్టివుని వేస్తారు. పెద్దాయనకి తొందర లేదు, చిన్నవాడికి నిదానం లేదు. కుర్రవాడు తోషిరో మిఫూనే, పెద్దాయన తకాషి షిమురా. జంట పోలీసు సినిమాలకి తాతగారు ఇదేనని చాలామంది అంటారు.

1967లో "ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్" వచ్చింది. మిసిసిపీలో ఓ చిన్న ఊరు, రాత్రివేళ రైలు కోసం కాచుక్కూచున్న నల్లజాతి మనిషిని, కేవలం నల్లవాడైనందుకూ పర్సులో డబ్బున్నందుకూ, హత్యకేసులో పట్టుకుపోతారు. తీరా చూస్తే ఆయన ఫిలడెల్ఫియా పోలీసుల్లో పేరున్న డిటెక్టివు. సిడ్నీ పోయిటియర్ ఆ డిటెక్టివు, రాడ్ స్టైగర్ ఆ ఊరి తెల్ల పోలీసు అధికారి. ఆ రోజుల్లో దక్షిణాదికి వెళ్ళడం పోయిటియర్‌కి క్షేమమనిపించలేదు. షూటింగు చాలామటుకు ఇల్లినాయిలో చేశారు. మరుసటేడు ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. 8వ తేదీన జరగవలసిన ఆస్కారు సభని 10కి వాయిదా వేశారు. ఆ సభలో ఉత్తమ చిత్రం ఇదే. సినిమా చివర ఆ తెల్ల అధికారి నల్ల డిటెక్టివు పెట్టె తన చేత్తో మోసుకుంటూ రైలు దాకా వస్తాడు. పెద్ద మాటలేవీ ఉండవు. ఆ పెట్టె మోయడమే సినిమా.

తరవాత 1982లో "ఫార్టీ ఎయిట్ అవర్స్". ఒక మొరటు పోలీసు ఓ ఖైదీని 48 గంటలకి జైల్లోంచి అరువు తెచ్చుకుంటాడు. ఆ ఖైదీ ఎడ్డీ మర్ఫీ. అప్పటికి ఇరవయ్యొక్కేళ్ళ కుర్రవాడు, అదే మొదటి సినిమా. 1987లో "లీథల్ వెపన్". యాభయ్యో పడిలో పడ్డాననీ, ఈ గొడవలు ఇంక తన వల్ల కావనీ సినిమా అంతా వాపోయే పోలీసుగా వేసిన డానీ గ్లోవరుకి అప్పటికి నలభయ్యే. 1989 వచ్చేసరికి పోలీసుకి జోడీగా కుక్కని పెట్టి ఒకే ఏడాది రెండు సినిమాలు తీశారు, "కె-నైన్" ఒకటి, "టర్నర్ అండ్ హూచ్" ఒకటి. అదే ఏడాది "టాంగో అండ్ క్యాష్" అనే మహా గందరగోళం కూడా వచ్చింది. దాని దర్శకుడు ఆంద్రేయ్ కొంచలోవ్‌స్కీ, తర్కోవ్‌స్కీతో కలిసి "ఆంద్రేయ్ రుబ్ల్యోవ్" రాసినాయన! చివరిదాకా ఆయన్ని ఉండనివ్వలేదు, అది వేరే సంగతి. మన సంఘంలో తర్కోవ్‌స్కీ తప్ప మాట్లాడని మిత్రులకి ఈ సంగతి సవినయంగా మనవి చేస్తున్నాను.

నాకు వీటన్నిట్లో నచ్చేది పేలుళ్ళు కాదు. భోజనం. కురొసావా సినిమాలో పెద్ద డిటెక్టివు కుర్రవాణ్ణి తన చిన్న ఇంటికి తీసుకుపోతాడు. పిల్లలు నిద్రపోతూంటారు, ఇద్దరూ కూచుని మాట్లాడుకుంటారు. "లీథల్ వెపన్"లో భార్య పోయి, సముద్రపు ఒడ్డున ట్రైలరులో కుక్కతో కాపురముంటూ, తననితాను కాల్చుకోవడానికి ఓ గుండు దాచుకున్న మనిషి ఒకడు. క్రిస్మస్ నాడు ఆ గుండుని కానుకలా కట్టి తోటివాడి ఇంటి గుమ్మంలో ఇచ్చి, ఇక దీంతో పనిలేదని చెప్పి వెళ్ళిపోబోతాడు. ఇంటాయన బయటికొచ్చి భోజనానికి పిలుస్తాడు. కుక్కతో సహా లోపలికి వెళతాడు. కథ అక్కడికి సరి.

ఈ దేశంలో మొదటి ఏడు ఒంటిగా గడిపిన ఎవరికైనా ఆ గుమ్మం తెలుసు. సెలవు రోజున ఊరంతా మూతపడి ఉంటే, మన భాష తెలియని, మన తిండి తెలియని ఓ తోటి ఉద్యోగి "మా ఇంటికి రావయ్యా" అని పిలవడం, ఏం తినాలో తెలియక ఉడకబెట్టిన బంగాళాదుంపలు మాత్రం తిని రావడం, అయినా ఆ రాత్రి నిద్ర పట్టడం. పనిలో ఇద్దరికీ క్షణం పడదు, ఐనా పిలిచాడు. పేలుళ్ళన్నీ తీసేస్తే ఈ సినిమాల్లో మిగిలేది అదే.

1998లో "రష్ అవర్" వచ్చింది. హాంకాంగు నించి దిగిన జాకీ చాన్‌ని విమానాశ్రయంలో కలిసిన క్రిస్ టక్కర్, ఇతనికి ఇంగ్లీషు రాదనుకుని ఒక్కొక్క మాటా విడదీసి చెవుల్లో అరుస్తాడు. జాకీ చాన్ మాట్లాడడు, వింటాడు. మాట్లాడే వాళ్ళని మాట్లాడనిస్తే ఎవరెలాంటివాళ్ళో తెలుస్తుందని ఆయన పద్ధతి. హాల్లో అందరూ నవ్వారు. మేము కాస్త ఎక్కువ నవ్వాం. పోస్టాఫీసులోనూ బ్యాంకులోనూ మనకి చెముడనుకుని గొంతు పెంచేవాళ్ళని ఎంతమందిని చూడలేదూ!

"మేము" అన్నాను. మావాడికి అప్పుడు పదిహేనేళ్ళు. ఆ వయసు మగపిల్లలు తండ్రితో రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతారో ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి తెలుసు. తెలుగు సినిమా పెడితే పాటకోసారి లేచిపోయేవాడు. వాడు చూసేవి నాకు అర్థమయ్యేవి కావు. ఇద్దరం ఒకే సోఫాలో ఆద్యంతం కూచున్నవి ఈ జంట పోలీసు సినిమాలే. వాళ్ళావిడల కంటే ఎక్కువగా దెబ్బలాడుకునే ఆ ఇద్దర్ని చూస్తూ మేమిద్దరం దెబ్బలాడుకోకుండా రెండు గంటలు గడిపేవాళ్ళం. ఎద్దూ దున్నా మా ఇంట్లోనూ ఉన్నాయి మరి.

జాకీ చాన్ సినిమా చివర, పేర్లు పడేటప్పుడు, తప్పిపోయిన స్టంట్లు, పడ్డ పాట్లు చూపిస్తారు. మావాడు పూర్తయ్యేదాకా లేవనిచ్చేవాడు కాదు. కాగితాల మీద తేలిగ్గా కనిపించే ఆ దూకుళ్ళ వెనక ఎముకలున్నాయి. "లీథల్ వెపన్" సినిమా డార్ రాబిన్సన్ అనే స్టంటు కళాకారుడికి అంకితం. అది విడుదలయ్యే లోపలే, 1986 నవంబరులో, మరో సినిమా షూటింగులో మోటారు సైకిలు ప్రమాదంలో ఆయన చనిపోయాడు. ఆస్కారు సంస్థ స్టంట్లకి బహుమతి ఇస్తామని ప్రకటించింది 2025లో. మొదటిది 2027 సినిమాలకి. బుద్ధిలేని సినిమాలని మనం అనేవాటికి కొందరు ప్రాణాలు పెట్టి పనిచేశారని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

ఇంతవరకూ వకాల్తా. ఇక ఎదుటి పక్షం.

ఈ సినిమాల్లో వారంటు లేకుండా తలుపు తన్నడం హాస్యం. అనుమానితుణ్ణి మేడమీంచి తలకిందులుగా వేలాడదీసి నిజం కక్కించడం హాస్యం. అరెస్టయినవాడికి మౌనంగా ఉండే హక్కుందని చెప్పి తీరాలని 1966లో మిరాండా కేసులో ఈ దేశపు సుప్రీంకోర్టు తీర్పిస్తే, ఆ నాలుగు ముక్కలూ వాణ్ణి చితకబాదాక వెటకారంగా అప్పజెప్పడం మరీ హాస్యం. చట్టం గురించి మాట్లాడేవాడు అద్దాల గదిలో అరిచే ఆ పై అధికారి ఒక్కడే. ఆయన్ని చూసి మనం నవ్వాలి. 2003లో వచ్చిన "బాడ్ బాయ్స్" రెండో భాగం చివర హీరోలు హమ్మరు బండి వేసుకుని క్యూబాలో కొండవాలు మీది గుడిసెల మీదుగా దూసుకుపోతారు. ఒకదాని తరవాత ఒకటి పేకమేడల్లా కూలిపోతాయి. ఆ గుడిసెల్లో పొద్దున అన్నం వండుకున్నదెవరో కనుక్కునే తీరిక సినిమాకి లేదు.

మావాడికి డ్రైవింగు లైసెన్సు వచ్చింది 1999లో. ఆ ఫిబ్రవరిలోనే న్యూయార్కులో అమడూ డయాలో అనే 23 ఏళ్ళ గినీ దేశస్థుణ్ణి, తన ఇంటి గుమ్మంలోనే, మఫ్టీలో ఉన్న నలుగురు పోలీసులు 41 గుళ్ళు కాల్చి చంపారు. అతని దగ్గర ఆయుధం లేదు. జేబులోంచి తీయబోయింది పర్సు. మరుసటేడు ఆ నలుగురినీ కోర్టు నిర్దోషులంది. మనలాగే బతకడానికి వచ్చిన కుర్రవాడు. అప్పుడు మావాడికి కారు తాళాలిచ్చేముందు నేను చెప్పినవి మీలో చాలామంది మీ పిల్లలకి చెప్పే ఉంటారు: పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టు, అడక్కుండా జేబులో చెయ్యి పెట్టకు, సర్ అను, ఎదురు చెప్పకు.

వాడు అంతా విని ఒక ప్రశ్న వేశాడు. "నాన్నా, శుక్రవారం మనం చూసే వాటిల్లో తలకిందులుగా వేలాడేవాణ్ణి చూసే కదా మనం నవ్వుతాం?"

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. సినిమాలు చూడటం మానలేదు గాని, వాడే ఒక ఆట కనిపెట్టాడు. తెరమీద పోలీసు చట్టం దాటిన ప్రతిసారీ ఎవరు ముందు "వారంటు!" అని అరిస్తే వాళ్ళకి ఒక మార్కు. ఒక సినిమాకి మా ఇద్దరికీ కలిపి ముప్ఫై దాటాయి. మా ఆవిడ వంటింట్లోంచి "వారంటూ లేదు వరండాలేదు, అన్నానికి రండి" అని కేకేసేది. అలా నవ్వుతూనే చూశాం, చూస్తూనే లెక్కపెట్టాం.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ మెడమీద పోలీసు మోకాలు పెట్టి చంపడం అందరం చూశాం. ఆ జనవరిలోనే "బాడ్ బాయ్స్" మూడో భాగం వచ్చి బ్రహ్మాండంగా ఆడింది. ఆ వేసవిలో మావాడు ఫోనులో "కొన్నాళ్ళు ఇవి వద్దులే నాన్నా" అన్నాడు. సరేనన్నాను. మళ్ళీ మేమిద్దరం హాలుకి వెళ్ళింది 2022లో, రాజమౌళి "ఆర్ ఆర్ ఆర్"కి. చరిత్రలో ఎన్నడూ కలుసుకోని అల్లూరినీ కొమురం భీమునీ కలిపిన ఆ కథలో ఒకడు తెల్లదొరల పోలీసు, రెండోవాడు ఆ పోలీసు వెతుకుతున్న మనిషి. మొదట్లోనే ఆ పోలీసు ఒక్కణ్ణి పట్టుకోవడానికి వేలమంది జనంలోకి దూకి దొరికినవాణ్ణి దొరికినట్టు బాదుతూంటే, పక్క సీట్లోంచి నలభై దగ్గరపడ్డ మావాడు మెల్లిగా "వారంటు!" అన్నాడు.

ఏతావాతా నేను చెప్పేదేమంటే, ఈ సినిమాల విషయంలో మనకి రెండు రకాల మొహమాటాలున్నాయి. వాటిని కలగలపకూడదు. మొదటిది, "చదువుకున్నవాడివి, ఇవేం సినిమాలయ్యా" అని నలుగురూ అంటారేమోనన్న బిడియం. దాన్ని రేపే చెత్తబుట్టలో వెయ్యొచ్చు. పనిచేసి అలిసిన మనిషి రెండు గంటలు నవ్వుకోవడానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. రెండోది, ఆ నవ్వులో ఎవడి చెయ్యి విరిగింది, ఎవడి గుడిసె కూలింది అని లోపల గీకే అనుమానం. దాన్ని మాత్రం పోనీకండి. పిల్లలున్న ఇంట్లో అది ఉండాలి. పోలీసు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలో నేర్పే తండ్రి, పోలీసు చేతులు ఎక్కడ ఆగాలో కూడా మాట్లాడాలి. దానికి ఉపన్యాసం పనికిరాదు. పదహారేళ్ళవాడు ఉపన్యాసం వినడు. శుక్రవారం రాత్రి సోఫా పనికొస్తుంది.

కార్యవర్గం వారికి ఒక మనవి. మన సినిమా ప్రదర్శనలకి పెద్దలొస్తున్నారు, పిల్లలు రావడం లేదని ప్రతి సమావేశంలోనూ విచారిస్తున్నాం. ఒక్క నెల "ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్", మరుసటి నెల "రష్ అవర్" వేసి చూద్దాం. సంస్కృతి ఏమైపోతుందని ఎవరైనా అడిగితే బుర్రకథ వంతగాడి సంగతి చెప్పండి. హాల్లోకి వచ్చిన పిల్లలందరికీ ఒక కాగితం, ఒక పెన్సిలు ఇద్దాం. వారంటు లేని తలుపు తన్నినప్పుడల్లా ఒక గీత. ఎక్కువ గీతలు సరిగ్గా పెట్టినవాళ్ళకి బహుమతి నా ఖర్చు. పులిహోర మాత్రం ఎప్పట్లాగే మీ ఇళ్ళనించి రావాలి.

ఈలోగా మీరు తలుపులేసుకుని చూసే సినిమాల పేర్లు నాకు రాసి పంపండి. పేరు వెయ్యొద్దంటే వెయ్యను. తర్కోవ్‌స్కీ మిత్రులు రాస్తే మొదట అచ్చు వేస్తాను.